నన్ను చదవనివ్వని వాక్యం

నేను ఫుట్‌బాల్ క్లబ్బులో ఉద్యోగం చేశానంటే మా సైనిక్‌పురి కాలనీలో చాలామంది నమ్మరు. పొద్దున నడకలో ఒకావిడ "ఏ ప్లేసులో ఆడేవారండీ?" అని అడిగి, పక్కావిడ వైపు చూసి నవ్వింది. ఎక్కడా ఆడలేదు. పద్దెనిమిదేళ్ళలో నేను బంతిని ఒక్కసారి కూడా తన్నలేదు. ఒకసారి అదే వచ్చి నా భుజానికి తగిలింది. దాన్ని లెక్కలోకి తీసుకోను.

నాది ఆఫీసు పని. రాంగోపాల్‌పేట్‌లో ఆటసామాన్ల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఆటగాళ్ళ నమోదు, ఒప్పందాలు, రైలు టికెట్లు, గాయాల బీమా అన్నీ నా చేతిమీదుగా పోయేవి. వీటితోపాటు క్రమశిక్షణ సంఘానికి కార్యదర్శిని. ఎవరి మీదైనా ఆరోపణ వస్తే విచారణ గదిలో మూలన కూర్చుని, ఎవరు ఏమన్నారో రాసేదాన్ని. అలాంటి మూల కుర్చీల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఆటగాళ్ళు జ్ఞాపకాలు రాసుకుంటారు, కోచ్‌లు రాసుకుంటారు. మూల కుర్చీవాళ్ళు రాయరు. గది మొత్తం బాగా కనిపించేది మాత్రం అక్కడినుంచే.

ఎవరైనా రోజు తప్పు చెప్పినా, మొత్తం తప్పు వేసినా నేను ఊరుకోను. ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు తక్కువ. ఈ సంగతి గుర్తున్నవాళ్ళు ఇప్పటికీ "మెసేజ్‌లు లీక్ చేశాడని ఒక గోల్‌కీపర్‌ని తీసేశారు కదా" అంటారు. లీక్ చేసింది అతను కాదు. తీసేసింది అందుకూ కాదు. వరసగా చెబుతాను.

అతను మా రెండో గోల్‌కీపర్. ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. మిగతా స్థానాల్లో ఆటగాళ్ళను మ్యాచ్ మధ్యలో మారుస్తూ ఉంటారు. గోల్‌కీపర్‌ని మాత్రం దెబ్బ తగిలితే తప్ప మార్చరు. మా మొదటి గోల్‌కీపర్‌కి జలుబు కూడా చేసేది కాదు. దాంతో ఇతను ఆరు సీజన్లు బెంచీ మీదే కూర్చున్నాడు. ముప్పై దాటాయి. ప్రాక్టీసులో అతను ఆపిన బంతులు చూసినవాళ్ళు వేరే క్లబ్బులో అయితే ఇతనే మొదటివాడు అనేవాళ్ళు. వేరే క్లబ్బు వాళ్ళు చూస్తే కదా.

వాళ్ళ నాన్నకు బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఉల్లిగడ్డల వ్యాపారం. పొద్దున్నే అక్కడ లారీ దింపించి, అటునుంచి అటే గ్రౌండ్‌కి వచ్చేవాడు. ఎంత సబ్బు పెట్టి కడిగినా చేతులకు ఉల్లివాసన వచ్చేది. ఎవరైనా ముక్కు మూసుకుంటే, "గోల్ కొట్టనీకి వచ్చెటోని కండ్లల్ల నీళ్ళు రావాలె భాయ్, అదే నా టెక్నిక్" అనేవాడు. మిగతా అందరికీ నేను మేడంని. అతనొక్కడికే అమ్మను. రంజాన్ నెలలో అతనిలా ఉపవాసముండే ఆటగాళ్ళకు ఇఫ్తార్ వేళకు ప్రయాణం పడకుండా టికెట్లు తీసేదాన్ని, అంతకుమించి నేను చేసిందేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళను పిలిచే అలవాటు ఆఫీసులోకి తెచ్చుకున్నాడు.

ఆ సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు మిగిలి ఉండగా కోస్తాలోని ఒక క్లబ్బు అతన్ని అడిగింది. వచ్చే సీజన్ నుంచి, మొదటి గోల్‌కీపర్‌గా. అతను ఆఫీసుకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"ఒకటే షరతు పెట్టిన్రమ్మా. రిలీజ్ కాగితం సాఫ్‌గ ఉండాలె. మరక గిట్ల ఉంటే వద్దంటరట."

"నీ మీద మరకేముంటుంది? ఆరేళ్ళలో నువ్వు గ్రౌండ్‌లోకి దిగితే కదా."

"గదే కదమ్మా నా తక్లీఫ్" అని నవ్వాడు.

ఆటగాడు ఒక క్లబ్బు వదిలి ఇంకో క్లబ్బుకు పోవాలంటే పాత క్లబ్బు ఇచ్చేది రిలీజ్ కాగితం. అందులో వెళ్ళడానికి కారణం రాయాలి. 'ఒప్పందం ముగిసింది' అని ఉంటే ఎక్కడైనా తీసుకుంటారు. 'క్రమశిక్షణ చర్య' అని ఉంటే ముప్పై దాటిన రెండో గోల్‌కీపర్‌ని ఎవరూ తీసుకోరు. ఆరేళ్ళు కూర్చున్న మనిషి లేచి ఆడతాడా లేదా అన్నది ఆ రెండు మాటల మీద ఆధారపడి ఉంది.

ఇక మెసేజ్‌ల సంగతి. ఆటగాళ్ళకు వాట్సాప్‌లో సొంత గ్రూపు ఒకటి ఉండేది. దాని పేరు 'ఉప్పు తక్కువ'. మెస్‌లో పప్పు గురించి మొదలైంది. కోచ్ గానీ ఆఫీసువాళ్ళు గానీ అందులో లేరు. అలాంటిది ఒకటుందని నాకు తెలుసు, అందులో ఏముందో తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. మనుషులు పనిచేసే ప్రతిచోటా పైవాళ్ళను తిట్టుకోవడానికి ఒక జాగా ఉంటుంది. మా వయసులో అది క్యాంటీన్ వెనక గోడ. ఆ గోడ విన్నది రాసిపెట్టుకునేది కాదు, తేడా అంతే.

మ్యాచ్ అయ్యాక ఎవరి ఆట వీడియో ముక్కలు వాళ్ళకు ఇవ్వడానికి ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ ఉండేది. ఆటగాళ్ళు అందులోనే తమ వాట్సాప్ తెరిచి, వీడియోలు పంపుకుని, మూసేసి పోవాలి. ఒక సోమవారం మా గోల్‌కీపర్ మూయడం మరిచిపోయాడు. ఉల్లిగడ్డల లారీ గేటు దగ్గర ఇరుక్కుందని ఫోన్ వస్తే పరుగెత్తాడు. ఆటలో లేనివాడికి వీడియో ముక్కలెందుకని అడగకండి. ప్రాక్టీసులో తన గంతులు తానే చూసుకుని తప్పులు దిద్దుకునేవాడు. అతను పోయాక గ్రూపులో వస్తున్న మాటలన్నీ ఆ తెరమీద కనిపిస్తూనే ఉన్నాయి. ఎవరో వాటిని ఫోటో తీశారు. బుధవారం పొద్దుటికి అభిమానులు నడిపే ఒక పేజీలో ఆ ఫోటో పడింది. ఎవరు తీశారో నాకొక అనుమానం ఉంది. రుజువు లేదు కాబట్టి రాయను.

ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం, సొంత గ్రౌండ్‌లో ఓడిపోయాం. దాని గురించి గ్రూపులో ఐదుగురు మాట్లాడారు. మా కోచ్ పక్క రాష్ట్రం మనిషి. కళ్ళకు ఎండ పడక నల్లద్దాలు పెట్టుకునేవాడు. గోల్‌కీపర్ రాసింది ఇది: "సార్ నల్లద్దాల ఎనుక సెకండ్ హాఫ్ మొత్తం పండుకుండు. ఎవలన్న జెర లేపుండ్రి, ఇంటికి పోవాలె." తరువాత మూడు నవ్వు ముఖాలు.

దాని కింద రాసింది మా ఫార్వర్డ్. గోల్స్ వేసే కుర్రాడు. క్లబ్బు పోస్టర్ల మీద ఉండే ముఖం అతనిదే. అతని వాక్యాన్ని ఇక్కడ రాయను. కోచ్‌గారి తల్లిని, ఆయన ఒంటిరంగును, ఆయన పుట్టిన ప్రాంతాన్ని ఒకే వాక్యంలోకి తెచ్చి తిట్టాడని మాత్రం చెబుతాను. మిగతా ముగ్గురు దానికి చప్పట్ల బొమ్మలు పెట్టారు.

పేజీలో పడ్డ ఫోటోలో ఫార్వర్డ్ వాక్యం మీద నల్లగా పూసి ఉంది. గోల్‌కీపర్ వాక్యం మీద ఏమీ పూయలేదు. పెట్టినవాళ్ళు ఎవరిని కాపాడుకోవాలో తెలిసే పెట్టారు.

జనం గోల చేశారు. ఓడిపోయిన జట్టు బెంచీ మీద కూర్చుని జోకులు వేస్తోందని తిట్టారు. మా డైరెక్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా అబ్బాయి వయసు ఉంటుంది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ సులువుగా ఉండేది.

"మేడం, విచారణ పెట్టాలె. రెండో కీపర్ మీద."

"ఒక్కడి మీదేనా? రాసింది ఐదుగురు."

"లీకైంది ఆయన అకౌంట్ నుంచే కదా మేడం."

"ఫోటో తీసింది అతను కాదు. తీసినవాళ్ళ మీద ఏం పెడతాం?"

"అది వేరే మ్యాటర్."

"ఫార్వర్డ్ మీద?"

"ఆయనకు కౌన్సెలింగ్ ఇచ్చినం."

"ఎక్కడ?"

"కార్ల. గ్రౌండ్ నుంచి హోటల్‌కి పోయేటప్పుడు." తనకే నవ్వు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేడం, మీరు లెక్కలు పక్కాగ చూస్తరు. ఇంక ఐదు మ్యాచ్‌లున్నయ్. గోల్స్ ఎవరేస్తరు చెప్పండి. నేనేస్తనా, మీరేస్తరా?"

నేనైతే వేయను.

ఇక్కడ మా విచారణల పద్ధతి చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఒక కుర్రాడు ఇంగ్లీషులో ఉన్న అభియోగం అర్థం కాకుండానే సంతకం పెట్టి, తాను చేయని పనికి శిక్ష అనుభవించాడు. అప్పుడు నేను పట్టుబట్టి ఒక నియమం పెట్టించాను. అభియోగాన్నీ, దానికి ఆధారమైన ప్రతి మాటనూ కార్యదర్శి ఆటగాడి ముందు, అతనికి తెలిసిన భాషలో, పైకి చదవాలి. చదివినదే రికార్డు అవుతుంది. చదవనిది విచారణలో లేనట్టే. ఇంకొక నియమం కూడా ఉంది. ఆటగాడు మధ్యలో లేచి తప్పు ఒప్పుకుంటే అక్కడితో చదవడం ఆగిపోతుంది. పిల్లల్ని అవసరానికి మించి నిలబెట్టి సిగ్గుపరచకూడదని అదీ నేనే పెట్టించాను. రెండూ మంచి నియమాలే. ఇప్పటికీ అదే అంటాను.

గోల్‌కీపర్‌ని పిలిచి అతని ఫోన్ నుంచి మొత్తం సంభాషణ తీసుకున్నాను. ఇవ్వడానికి ముందు చాలా నసిగాడు.

"వాళ్ళ పేర్లు సుత వస్తయి కదమ్మా. నన్ను దోస్తులను పట్టిచ్చిన గద్దార్ అంటరు."

"ఇప్పుడేమంటున్నారు?"

ఫోన్ నా చేతిలో పెట్టాడు. తరువాత తెలిసింది. ఫోటో బయటపడ్డ రోజే మిగతావాళ్ళు కొత్త గ్రూపు పెట్టుకున్నారు. దానికి 'ఉప్పు ఎక్కువ' అని పేరు. అందులో ఫార్వర్డ్ ఉన్నాడు, చప్పట్లు కొట్టిన ముగ్గురూ ఉన్నారు. ఇతను లేడు.

"నేను చెప్పేది విను" అన్నాను. "విచారణలో నువ్వు ఏమీ మాట్లాడకు. నేను వరసగా చదువుతాను. నీ వాక్యం వస్తుంది, దాని కింద అతని వాక్యం వస్తుంది. రెండూ పక్కపక్కన విన్నాక నిద్ర జోకుకి శిక్ష వేసి దాన్ని వదిలేయడం ఎవరివల్లా కాదు. వేస్తే అందరికీ వేయాలి, లేకపోతే అందరికీ హెచ్చరిక ఇచ్చి వదలాలి. ఐదుగురికి హెచ్చరిక అంటే కాగితం మీద మరక కాదు."

"మీరు చదువుతరా? అది?"

"నేను కాకపోతే ఎవరు చదువుతారు? కార్యదర్శిని."

అతని ముఖంలో ఏదో మారింది. భయపడ్డాడనుకున్నాను. భయం కాదని తరువాత తెలిసింది.

విచారణ ముందురోజు కోచ్ ఆఫీసుకు వచ్చాడు. ఇంట్లోనూ నల్లద్దాలే అనుకుంటా. తనకు వచ్చిన కాస్త తెలుగులో అడిగాడు.

"మేడం, రేపు అన్నీ చదువుతారా?"

"అన్నీ."

"గోల్‌కీపర్ మీద నాకు కోపం లేదు. నిజంగా ఆ రోజు నిద్ర వచ్చింది. ఆట అలా ఉంది."

"ఇంకో వాక్యం ఉంది."

"తెలుసు. గోల్ కొట్టేవాడు ఏమన్నా నాకు వినపడదు మేడం. ఐదు మ్యాచ్‌లయ్యాక వినపడుతుంది."

అయ్యాక కూడా వినపడలేదు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, ఆయన ఒప్పందం ఇంకో ఏడాది పెంచారు.

గురువారం పొద్దున విచారణ. సంఘానికి అధ్యక్షుడు కర్నల్ గారు; సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. మా కాలనీలోనే నాలుగు వీధుల అవతల ఉంటారు. రెండో సభ్యుడు డైరెక్టర్. మూడో సభ్యుడు ఆ రోజు రాలేదు. బల్లకి అటు గోల్‌కీపర్, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మూలన నేను.

అభియోగం చదివాను. తరువాత సంభాషణ మొదలుపెట్టాను. గోల్‌కీపర్ వాక్యం ఉన్నదున్నట్టు, అతని యాసలోనే చదివాను. "ఇక్కడ మూడు నవ్వు ముఖాలు. రెండు మామూలువి, ఒకదానికి కళ్ళమ్మట నీళ్ళు" అని అదీ చెప్పాను. కర్నల్ గారు జేబురుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి.

"ఇదేనా?" అన్నారు. "దీనికి ఇంత హంగామానా? మా బెటాలియన్‌లో నన్ను ఇంతకంటే..." అని ఆపేశారు.

గోల్‌కీపర్ తల ఎత్తాడు. ఆ క్షణంలో అతను సముద్రం పక్క ఊళ్ళో గోల్‌పోస్టు ముందు నిలబడి ఉన్నాడు. నాకు స్పష్టంగా కనిపించింది.

"తరువాతిది చదువుతున్నాను" అన్నాను.

"వద్దు మేడం" అన్నాడు డైరెక్టర్. "అది చార్జ్‌ల లేదు."

"సంభాషణలో ఉంది. ఆధారం అంతా చదవాలి. సగం చదివితే రికార్డు చెల్లదు."

కర్నల్ గారు తన ముందున్న కాగితంలో ఆ వాక్యం దగ్గరికి వచ్చారు. చెవులు ఎర్రబడ్డాయి. కాగితం బోర్లించారు.

"మేడం, ఇది మీరు చదవనక్కర్లేదు. నేను మనసులో చదివాను."

"మనసులో చదివింది నేనెలా రాయనండీ?"

"పోనీ నేను చదువుతాను" అన్నారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు, గొంతు సవరించుకున్నారు, నా వైపు చూశారు. మళ్ళీ కళ్ళద్దాలు తీసేశారు. "మీరు ఒక్క అయిదు నిమిషాలు బయట కూర్చోండి. టీ తెప్పిస్తాను. మేం మగవాళ్ళం చదువుకుంటాం."

"కార్యదర్శి బయటికి పోతే అది విచారణే కాదు కర్నల్ గారూ. టీ తాగడమే అవుతుంది."

"ఒక లేడీ ముందు ఇలాంటి మాటలు..."

"నాకు అరవై నాలుగేళ్ళు. సికింద్రాబాద్ బస్సుల్లో ముప్పై ఏళ్ళు తిరిగాను. ఇందులో నాకు కొత్త మాట ఒక్కటీ లేదు. చదువుతున్నాను."

పిల్లలూ, ఆ గదిలో జరిగింది ఇదే. కాస్త నిదానంగా చూడండి. కర్నల్ గారు నన్ను గౌరవిస్తున్నారు. ఆ గౌరవం నిజమైనదే. కానీ దాని ఫలితం ఏమిటి? పైకి చదవగలిగినంత మర్యాదగా రాసినవాడి మాట రికార్డులోకి వచ్చింది. చదవలేనంత నీచంగా రాసినవాడి మాట రాలేదు. ఎంత చెడ్డగా రాస్తే అంత క్షేమం అన్నమాట. ఆఫీసుల్లో ఇది చాలాచోట్ల జరుగుతుంది, అప్పుడు దాన్ని సభ్యత అంటారు.

నేను కాగితం పైకెత్తి మొదటి పదం చదివాను. కోచ్‌గారి తల్లి గురించిన పదం. రెండో పదం దగ్గర కుర్చీ కిర్రుమంది. గోల్‌కీపర్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వద్దు."

"కూర్చో."

"వద్దమ్మా. మీ నోట్లకెళ్లి అది రావొద్దు."

"నీకు చెప్పాను కదా, మాట్లాడొద్దని. కూర్చో."

అతను నా వైపు చూడడం మానేసి కర్నల్ గారి వైపు తిరిగాడు. "సార్, తప్పు నాదే. ఒప్పుకుంటున్న. బంద్ చేయండి సార్, అయిపాయె."

ముందుగా తేరుకున్నది డైరెక్టర్. "ఒప్పుకున్నడు. రాసుకోండి మేడం."

కర్నల్ గారు బోర్లించిన కాగితం మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. బతికిపోయినట్టు ముఖం. అది గమనించి తనమీద తనకే చిరాకేసినట్టు ముఖం. రెండూ కనిపించాయి. ఒప్పుకుంటే చదవడం ఆగాలి. నియమం నాదే. ఆపాను, రాశాను.

తీర్పు అప్పుడే వచ్చింది. మిగిలిన సీజన్‌కి పక్కన పెట్టి, ఒప్పందం రద్దు. కారణం: క్రమశిక్షణ చర్య.

మెట్ల దగ్గర అతన్ని పట్టుకున్నాను. అంత కోపం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

"ఏం చేశావో తెలుస్తోందా? ఇంకో పది పదాలు. పది పదాలు ఆగలేకపోయావా?"

"ఒప్పుకుంటే చిన్న వార్నింగ్ ఇచ్చి ఇడిచిపెడ్తం అన్నడమ్మా, డైరెక్టర్ సార్. నిన్న ఫోన్ చేసి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు వద్దంటుంటిరి."

"అందుకేనా ఒప్పుకున్నావు?"

చేతులు చూసుకున్నాడు. "లేదమ్మా. ఒప్పుకోవద్దనే వచ్చిన. మీరు మొదటి మాట చదివిన్రు చూడుండ్రి, మా అమ్మ చదివినట్టె అయ్యింది. ఆ గలీజు రాసినోడు ఇంట్ల పండుకున్నడు. మీరేమో నా కోసం అది నోట్ల పెట్టుకున్నరు. నాతోని కాలే."

"నా నోటికేం కాదురా. కడుక్కుంటే పోతుంది. నీ కాగితం కడిగితే పోతుందా?"

"పోదు" అన్నాడు. మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం డైరెక్టర్ దగ్గరికి పోయాను. ఒప్పందం రద్దు అనే ఉంచి, కారణం దగ్గర 'ఇరువురి అంగీకారంతో' అని రాద్దామన్నాను. అది అబద్ధం కూడా కాదు, అతను తప్పు ఒప్పుకున్నాడు, క్లబ్బు దాన్ని ఒప్పుకుంది.

"ఓనర్ సార్ ఒప్పుకోరు మేడం. యాక్షన్ తీస్కున్నట్టు కనపడాలె అంటున్నరు."

"ఫోన్‌లో వార్నింగ్ అన్నావట?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "అనుకున్న. నా చేతుల లేకపాయె."

కర్నల్ గారు కాగితం మీద సంతకం పెట్టి పంపించారు. తరువాత చాలా రోజులు పొద్దున నడకలో నన్ను చూస్తే వేరే వీధిలోకి తిరిగేవారు. పాపం, మోకాళ్ళ నొప్పులతో ఆయనకది చుట్టుదారి.

కోస్తా క్లబ్బుకు కాగితం పోయింది. రెండు రోజులకు వాళ్ళ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. అక్కడ నా ఉద్యోగమే చేసే ఒకావిడ. నమోదు పనుల మీద ఏళ్ళుగా మాట్లాడుకున్నాం, ముఖాలు తెలియవు.

"ఏవండీ, ఏంటండీ ఇది? మావాళ్ళు వద్దంటున్నారు. కుర్రాడు మంచోడని మీరే కదా చెప్పారు!"

"ఇప్పుడూ అదే చెబుతున్నాను."

"మరి క్రమశిక్షణ అని రాశారేటండీ? ఏం చేశాడు?"

"కోచ్ నిద్రపోతున్నాడని జోకు వేశాడు."

"దానికేనా? ఇంకేదో ఉండుంటుందండీ. ఇంత చిన్నదానికి తీసేయరు కదా."

సరిగ్గా ఆ అనుమానంతోనే అతన్ని ఎవరూ తీసుకోరని నాకు తెలుసు. శిక్ష పెద్దదైతే తప్పు కూడా పెద్దదే అయి ఉంటుందనుకుంటారు ఎవరైనా. నేనైనా అనుకుంటాను.

"ఆ పేజీలు పంపగలరా?" అంది. "మా మేనేజర్‌కి చూపిస్తాను."

పేజీలు నా సొరుగులోనే ఉన్నాయి. పంపితే అందులో ఐదుగురి పేర్లూ పోతాయి. ఒకసారి ఎవరో ఆ మాటలను దాచిన చోటునుంచి బయటికి తెచ్చారు. రెండోసారి తెచ్చేది నేనవుతాను. పంపనన్నాను.

"చదువుతాను" అన్నాను. "పేర్లు చెప్పను. మీరు అడగకండి. అతనిది ఏదో, అతనిది కానిది ఏదో చెబుతాను. అతనిది కానిదానికి ఇక్కడ ఎవరికీ శిక్ష పడలేదు. విని మీ మేనేజర్‌కి ఏం చెప్పాలో మీరే చూసుకోండి."

"చదవండి."

"చాలా చెడ్డ మాటలండీ."

"ఏవండీ, నేను ఇరవై రెండేళ్ళుగా మగపిల్లల హాస్టల్ కూడా చూస్తున్నాను. చదవండి."

గోల్‌కీపర్ వాక్యం చదివాను. ఆవిడ కిసుక్కున నవ్వింది. తరువాత రెండో వాక్యం, మొదటి పదం నుంచి చివరి పదం దాకా, ఎక్కడా ఆగకుండా, ఏ మాటా మింగకుండా చదివాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసులో ఎవరూ లేరు. అటు కూడా ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇద్దరం ఆడవాళ్ళమే కాబట్టి ఎవరికీ సిగ్గు వేయలేదు, ఎవరూ టీ తెప్పించలేదు.

"ఇంకోసారి చదవండి" అంది చివరికి. "రాసుకోను. మనసులో పెట్టుకుంటాను. మావాడికి నా నోటితోనే చెప్పాలి కదా."

ఇంకోసారి చదివాను.

ఆవిడ చెప్పింది. ఎలా చెప్పిందో, వాళ్ళ మేనేజర్ చెవులు ఏ రంగుకు వచ్చాయో నాకు తెలియదు. మూడు వారాలకు గోల్‌కీపర్‌ని తీసుకుంటున్నట్టు కబురు పంపారు. అయితే ఈ తర్జనభర్జనల్లో వాళ్ళు ఆగలేక వేరే ఊరి కుర్రాడితో మొదటి గోల్‌కీపర్‌గా ఒప్పందం చేసుకున్నారు. ఇతన్ని తీసుకున్నది రెండో గోల్‌కీపర్‌గా.

సీజన్ మొదలయ్యాక ఒక ఆదివారం ఫోన్ చేశాడు. వెనక సముద్రమో, జనమో, హోరు వినిపిస్తోంది.

"ఎలా ఉందిరా అక్కడ?"

"బాగుందమ్మా. చాపల కూర బాగ పెడ్తరు. కోచ్‌కి నల్లద్దాలు లేవు."

"మొదటి గోల్‌కీపర్ ఎలా ఆడుతున్నాడు?"

"మంచిగ ఆడుతుండమ్మా. పోరనికి ఇరవై మూడే. మంచి తందురుస్తు, జలుబు సుత చెయ్యదు. ఇంత తందురుస్తు ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలే."